ప్రశ్నపాలక ప్రభువులకు ప్రణతి

శ్రీమదఖండ ప్రశ్ననివారణ దీక్షాధురంధరులు, అర్ధరాత్రి అపరాత్రి అనక జిజ్ఞాసువుల రాకను కనిపెట్టి కూర్చునే జాగరూకులు, అడిగేవాడి వాక్యం పూర్తికాకముందే అది అడగదగినది కాదని తేల్చగల త్రికాలవేదులు, జీతం బత్తెం లేకుండా పరుల ప్రశ్నలను పరలోకానికి సాగనంపే నిష్కామకర్ములు అయిన ఫిజిక్స్ స్టాక్ ఎక్స్ఛేంజ్ అనే అంతర్జాల ప్రశ్నోత్తర సభలోని ప్రశ్నపాలక ప్రభువుల దివ్యసముఖానికి, భౌతికశాస్త్రంలో ఓనమాలు కూడా సరిగా దిద్దుకోని అల్పుడొకడు సాష్టాంగపడి సమర్పించుకునే స్తుతి ఇది. ఇందులో ప్రశ్నార్థకపు గుర్తు ఒక్కటీ లేకుండా జాగ్రత్త పడ్డాను. ప్రభువులు నిశ్చింతగా చదువుకోవచ్చు.

మీ వంశంలో ఆదిపురుషులు జయవిజయులు. వైకుంఠం ఏడో వాకిట సనకసనందనాదులు పసివాళ్లలా కనిపించారని బెత్తాలు అడ్డం పెట్టారు. ఎంత మోటు పద్ధతి. ఎదురుగా నిలబడ్డ మనిషిని చూసి ఆపారు. మీరు మనిషిని చూడరు, ముఖం చూడరు, ఊరూ పేరూ చూడరు. శీర్షిక మాత్రం చూస్తారు, ఒక్కోసారి అదీ సగమే చూస్తారు, అంతటితో వచ్చినవాడి జాతకమంతా మీకు కరతలామలకం. పైగా ఆ అన్నదమ్ములు ఒక్కసారి ఆపిన పాపానికి శాపం తగిలి మూడు జన్మలెత్తవలసి వచ్చింది. మీకు శాపాలు లేవు. వెయ్యి సమీక్షలు ముగిస్తే బంగారు బ్యాడ్జీ వస్తుంది.

మీ సభాధర్మం చదివితే మనువు కూడా పక్కకు తప్పుకుని పీట వేస్తాడు. 2010లో సభ తెరిచిన నాటి నుంచి 2019 దాకా, మెచ్చిన జవాబుకు పది పాయింట్లు, మెచ్చిన ప్రశ్నకు ఐదు. అడిగేవాడు చెప్పేవాడిలో సగం మనిషి అనే పరమసత్యాన్ని అంకెల్లో ఇంత పొదుపుగా స్థాపించినవారు మరొకరు లేరు. తర్వాత ఏ రాహుకాలంలోనో రెండింటినీ సమానం చేశారు గానీ, అసలు మర్మం ఇంకోచోట భద్రంగానే ఉంది. ఎవరైనా ఒక జవాబును కిందికి నొక్కితే నొక్కినవారికీ ఒక పాయింటు కోత పడుతుంది. ప్రశ్నను కిందికి నొక్కితే నొక్కినవారికి దమ్మిడీ ఖర్చు లేదు, అడిగినవాడికి మాత్రం రెండు పోతాయి. ధర్మకార్యానికి రుసుము వసూలు చేయకూడదన్న ఈ ఔదార్యాన్ని కొనియాడడానికి ఆదిశేషుడి నాలుకలు చాలవు. ప్రశ్నను మూసే ఓటు మూడు వేల పాయింట్లు కూడబెట్టినవారికే దక్కుతుంది. ఇతరుల పోస్టు కింద ఒక్క వ్యాఖ్య రాయాలన్నా యాభై ఉండాలి. అంటే కొత్తగా వచ్చినవాడికి తన అరుగు మీద తప్ప నోరు విప్పే చోటుండదు. ఆ అరుగునూ మీరు ఎత్తించేస్తారు కాబట్టి అతనికి ఏ బాదరబందీ మిగలదు. ఒక అంశంలో బంగారు బ్యాడ్జీ గడించినవారైతే తోటివారి సలహా అనే బాధ కూడా లేకుండా ఒంటిచేత్తో డూప్లికేట్ అని ముద్ర వేసి తలుపు బిగించగలరు. ఆ అధికారాన్ని మీలో మీరు పిడుగుల దేవుడు థోర్ చేతి సుత్తి పేరుతో పిలుచుకుంటారు. పదో తరగతి పిల్లవాడి సందేహం మీద పడడానికి అంతకన్నా తేలికపాటి ఆయుధం తగదు మరి.

నిత్యచలన యంత్రం కనిపెట్టామని, ఐన్‌స్టీన్ తప్పని నిన్న రాత్రే తేల్చామని, అక్షరాలన్నీ పెద్దవి చేసి అరిచేవాళ్లను కూడా మీరే ఆపుతారు. కానీ అది ఏ కాపలాదారైనా చేసే పని. అందుకు మిమ్మల్ని పొగిడితే మీ స్థాయిని తగ్గించినట్టవుతుంది. మీ ప్రతిభ ప్రకాశించేది పిచ్చివాణ్ణి ఆపినప్పుడు కాదు, నిజంగా తెలుసుకోవాలని వచ్చినవాణ్ణి ఆపినప్పుడు.

ఉదాహరణకు మన హన్మకొండలోనో గుంటూరులోనో ఇంటర్ మొదటి సంవత్సరం చదివే ఒక కుర్రవాణ్ణి ఊహించుకుందాం. కాలేజీలో ఉదయం నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లు. అక్కడ డౌటు అడగాలంటే సిలబస్ అయిపోవాలి, సిలబస్ అయ్యేలోపు పరీక్ష వస్తుంది. హెచ్.సి. వర్మ పుస్తకం ముందేసుకుని ఒక సందేహం దగ్గర ఆగిపోతాడు. ఘర్షణ చలనాన్ని వ్యతిరేకిస్తుందని క్లాసులో వల్లె వేయించారు. మరి ఒక దిమ్మ మీద ఇంకో దిమ్మ పెట్టి కింది దిమ్మను లాగితే, పై దిమ్మ కూడా ముందుకు కదులుతోంది, దాన్ని ముందుకు తోసేది ఘర్షణే అంటున్నారు. ఈ రెండింటికీ పొంతన కుదరక రాత్రి పదకొండు గంటలకు ఫోను తీసి, వచ్చిన ఇంగ్లీషులో, రెస్పెక్టెడ్ సర్, ఐ హావ్ ఎ డౌట్ అని మొదలుపెట్టి, పుస్తకంలో బొమ్మను ఫోటో తీసి జతచేసి, థాంకింగ్ యూ సర్ అని ముగించి, మీ వాకిట నిలబడతాడు.

ఆ తర్వాత జరిగే షోడశోపచార పూజను వర్ణించడానికి మాటలు చాలవు. మొదట అతని నమస్కారాన్ని తొలగిస్తారు. సభలో మర్యాద శబ్దకాలుష్యమని మీకు తెలుసు, అతనికి తెలియదు. తర్వాత కృతజ్ఞతను తొలగిస్తారు. ఇంకా ఏమీ అందలేదు కదా, దేనికి కృతజ్ఞత అని మీ దూరదృష్టి. ఆ తర్వాత, కొత్త సభ్యుడు, దయతో మెలగండి అని సభ స్వయంగా తగిలించిన బిళ్లను చూసి కరిగిపోయి, స్వాగతం అనే ఒక్క మాట రాసి, దాని వెనకే నాలుగు నిబంధనల పేజీలకు దారి చూపిస్తారు. స్వాగతానికీ వెళ్లిపొమ్మనడానికీ మధ్య ఇంత సన్నని గీత గీయగల చిత్రకారులు రవివర్మ కాలంలో కూడా లేరు. ఫోటో పెట్టకూడదు, సమీకరణాలు మ్యాథ్‌జాక్స్‌లో టైపు చేయాలి అంటారు. ఆ కుర్రవాడు మ్యాథ్‌జాక్స్ అంటే ఏమిటో వెతుక్కునే లోపల కిందికి నొక్కే వేళ్లు మూడు నొక్కి వెళ్తాయి. నీ ప్రయత్నం చూపించు అంటారు. తన ప్రయత్నం అక్కడికే ఆగిపోయింది కాబట్టే వచ్చానని అతను అనుకుంటాడు, అమాయకుడు. ఎక్కడా ఆగకుండా చివరిదాకా చేసి, జవాబు రాబట్టి, అప్పుడు వచ్చి అడిగితేనే అది ప్రయత్నమనిపించుకుంటుంది. అలా వచ్చినవాణ్ణి మీరు ఎంతో ప్రేమగా ఆదరిస్తారు. ఈ సభలో జవాబు తెలిసినవాడికే ప్రశ్న అడిగే అర్హత ఉందన్న నియమాన్ని ఎక్కడా రాతలో పెట్టకుండా, ఇంత నిష్ఠగా అమలు చేయడం మీకే చెల్లింది.

చివరికి హోంవర్క్ వంటిది అని ముద్ర పడుతుంది. హోంవర్క్ అని కూడా కాదు, వంటిది. ఆ వంటిది అనే మాటలో ఎంత విశాలత. దాని నీడన మొత్తం యాంత్రికశాస్త్రం నిద్రపోవచ్చు. లెక్క కాదు, భావన అడుగు అని ఉపదేశిస్తారు. మర్నాడు అతను దిమ్మలు తీసేసి, అంకెలు తీసేసి, ఘర్షణ చలనాన్ని వ్యతిరేకిస్తుందా, జారడాన్ని వ్యతిరేకిస్తుందా అని భావన మాత్రమే అడుగుతాడు. అప్పుడు డూప్లికేట్ అని పాత ప్రశ్నను చూపిస్తారు. ఆ పాత ప్రశ్నలో జవాబు లాగ్రాంజియన్‌తో మొదలవుతుంది. రెండు దిమ్మల మధ్య ఉపరితలం జారకుండా పట్టి ఉంచే ప్రయత్నమే ఘర్షణ అని చెప్పేస్తే రెండు వాక్యాల్లో అయిపోయేది. కానీ రెండు వాక్యాల్లో అయిపోయే జ్ఞానం మీ గౌరవానికి తగదు. ఆ రెండు వాక్యాలూ ఒక దయగల పెద్దమనిషి కింద వ్యాఖ్యల్లో రాస్తాడు, మీరు వ్యాఖ్యలు జవాబులకు కాదని గుర్తుచేస్తారు, పైన జవాబు రాద్దామంటే తలుపు మీరే మూశారు. ఈ మూడు ముక్కలనూ ఒకేచోట ఇమిడించిన మీ శిల్పచాతుర్యానికి జక్కన్న ఉలి పారేసి దండం పెడతాడు. ఇంత జరిగాక, మార్కులూ జవాబులూ లేని, హోంవర్క్ ముద్రతో మూసిన ప్రశ్నను తొమ్మిది రోజులు గడిచాక యంత్రం తానే తుడిచేస్తుంది. నవరాత్రులు ముగిశాక నిమజ్జనం. శాస్త్రోక్తంగా ఏ లోటూ లేదు.

మీ అమ్ములపొదిలోని ఆయుధాలలో నాకు మరీ మరీ ఇష్టమైన జంట ఒకటుంది. ప్రశ్న పొట్టిగా ఉంటే వివరాలు చాలవని మూస్తారు. వివరాలు చేర్చి వస్తే గురి కుదరలేదు, ఒక పోస్టుకు ఒకే ప్రశ్న అని మూస్తారు. ఈ రెండు కత్తెర అంచుల మధ్య ఇరుక్కోకుండా తప్పించుకున్న ప్రశ్న నిజంగా మహత్తరమైనదే. అలాంటిదాన్ని అభిప్రాయాలకు సంబంధించినదని మూస్తారు.

ప్రభువులు ఆలస్యంగా అవతరించడం వల్ల భౌతికశాస్త్రానికి కలిగిన నష్టం తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. 1704లో న్యూటన్ ఆప్టిక్స్ అచ్చువేసి చివర ప్రశ్నలు తగిలించాడు. అవి పెరిగి పెరిగి తర్వాతి కూర్పుల్లో 31కి చేరాయి. కాంతి వంగడం నుంచి పదార్థంలో కణాల ఆకర్షణ దాకా, చివరికి దేవుడి దాకా వెళ్లాయి. ఒక పోస్టులో 31 ప్రశ్నలు. గురి లేదు, ప్రయత్నం చూపలేదు, సగం ఊహాగానం. మీరుంటే మధ్యాహ్నానికల్లా శుభ్రం చేసేవారు. 1935లో ఐన్‌స్టీన్, పొడోల్‌స్కీ, రోజెన్ ముగ్గురూ కలిసి, భౌతిక వాస్తవానికి క్వాంటం మెకానిక్స్ ఇచ్చే వర్ణన సంపూర్ణమని అనుకోవచ్చునా అనే శీర్షికతో ఫిజికల్ రివ్యూలో ఒక వ్యాసం వేశారు. ఒకే మాటలో ఔననో కాదనో తేల్చేయదగిన శీర్షిక. పైగా తత్వశాస్త్రం వాసన. అంతటితో ఆగారా అంటే లేదు. అదే ఏడు అదే పత్రికలో అదే శీర్షిక పెట్టి నీల్స్ బోర్ ఇంకో వ్యాసం వేశాడు. అక్షరం పొల్లుపోని డూప్లికేట్. ఈ గడ్డి అప్పుడే పీకేసి ఉంటే 1964లో జాన్ బెల్ దాని వేరు పట్టుకుని తన అసమీకరణం దాకా తవ్వి ఉండేవాడు కాదు, ఆ తవ్వకాన్ని ప్రయోగశాలకు ఎక్కించిన క్లాసర్, ఆస్పె, జైలింగర్‌లకు 2022లో నోబెల్ ఇవ్వవలసిన ఇబ్బంది స్వీడన్‌వారికి కలిగేది కాదు. ఎక్కడో ఒకచోట ఒక్క ఓటు పడకపోతే ఎంత దూరం పోతుందో.

1921లో ఇంగ్లండు నుంచి ఓడలో తిరిగివస్తూ మధ్యధరా సముద్రం ఇంత నీలంగా ఎందుకుందని తల బద్దలు కొట్టుకున్న సి.వి. రామన్‌ను మాత్రం క్షమించవచ్చు. విశాఖపట్నంలో చదువుకున్న మనిషి, చిన్నప్పటి నుంచి సముద్రం చూసినవాడు, అలవాటు మానుకోలేకపోయాడు. సముద్రపు నీలం ఆకాశపు నీలానికి ప్రతిబింబమని రేలీ అప్పటికే సెలవిచ్చి ఉన్నాడు. ప్రామాణికమైన పాత జవాబు ఉండగా మళ్లీ అడగడం మీ ధర్మంలో మహాపాతకం. రామన్ ఓడ రెయిలింగు దగ్గర నికల్ పట్టకం అడ్డుపెట్టి ఆ ప్రతిబింబాన్ని కత్తిరించి చూశాడు, నీలం పోలేదు. ఆ సంగతి అక్కడితో వదిలేయక కలకత్తా వచ్చి ద్రవాల్లో కాంతి చెదరడం వెంటపడ్డాడు. 1928 ఫిబ్రవరి 28న అది ఎక్కడ తేలిందో పంచాంగంలో కూడా వేసుకుంటున్నాం. డూప్లికేట్ అని ఒక్క చీటీ ఓడలోనే అందించి ఉంటే ఆ రోజును జాతీయ విజ్ఞాన దినమని బడిపిల్లలతో ఎండలో ఊరేగింపులు తీయించే శ్రమ తప్పేది.

అయితే మీరు లేని కాలంలో కూడా మీ అంశ అక్కడక్కడా భూమ్మీద మెరిసింది. 1963లో నేటి టాంజానియాలో ఎరాస్టో ఎంపెంబా అనే బడిపిల్లవాడు ఐస్‌క్రీం చేయబోతూ, పాలు చక్కెర మరిగించి, చల్లారనివ్వకుండా అలాగే ఫ్రీజరులో పెట్టాడు. మరిగించకుండానే పెట్టిన తోటివాడి పాలకన్నా ముందు తనవే గడ్డకట్టాయి. మాస్టారిని అడిగితే నువ్వేదో పొరబడ్డావన్నారు. పై తరగతికి వెళ్లి మళ్లీ అడిగితే, అది సార్వత్రిక భౌతికశాస్త్రం కాదు, ఎంపెంబాగారి భౌతికశాస్త్రం అని ఎగతాళి చేశారు. ప్రధానస్రవంతికి చెందని భౌతికశాస్త్రం అనే మీ సుప్రసిద్ధ ముద్రకు అదే తొలి ముసాయిదా అని నా నమ్మకం. ఆ గురుదేవుడికి మీ సభలో శాశ్వత సభ్యత్వం ఇవ్వవచ్చు. ఆ తర్వాత దారుస్సలాం యూనివర్సిటీ కాలేజీ నుంచి డెనిస్ ఆస్బర్న్ అనే ఆచార్యుడు వాళ్ల బడికి వచ్చాడు. పిల్లవాడు మళ్లీ అదే అడిగితే తరగతి నవ్వింది. ఆస్బర్న్‌కు మీ శిక్షణ లేదు కాబట్టి నవ్వక, తన ప్రయోగశాలకు తిరిగివెళ్లి చేయించి చూశాడు. 1969లో ఇద్దరి పేర్లతో వ్యాసం వెలువడింది. ఆ వింత నిజమా, ఏ పరిస్థితుల్లో నిజం అన్న వాదన ఇప్పటికీ తెగలేదు. చూశారా ప్రభూ, తెరిచి ఉంచిన ప్రశ్న ఎంత అశాంతికి కారణమవుతుందో.

మీ అంశలో పూర్ణావతారం అంటే ఆర్థర్ ఎడింగ్టన్ గారే. 1935 జనవరి 11న లండన్‌లో రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీలో 24 ఏళ్ల చంద్రశేఖర్ లేచి, ఒక హద్దు దాటిన నక్షత్రం తెల్ల మరుగుజ్జుగా నిలవలేదని లెక్క వేసి చూపించాడు. వెంటనే ఎడింగ్టన్ లేచి, నక్షత్రం అంత అసంబద్ధంగా ప్రవర్తించకుండా ప్రకృతిలోనే ఏదో నియమం ఉండాలని సెలవిచ్చారు. లెక్కలో ఎక్కడ తప్పో చూపే చిల్లర పనికి దిగలేదు. సభ నవ్వింది, ప్రశ్న మూతపడింది. మీకూ ఆయనకూ ఒకటే తేడా. అంతకుముందు నెలల తరబడి ఆ కుర్రవాడి లెక్కలు దగ్గరుండి చూసిన తర్వాతే ఆయన మూశారు. మీరు అంత కాలం వృథా చేయరు. చంద్రశేఖర్‌కు నోబెల్ 1983లో వచ్చింది. 48 ఏళ్లపాటు తలుపు అంత గట్టిగా నిలబడిందంటే బిగించిన చేతి బలం తెలుస్తోంది.

ప్రభువుల సర్వజ్ఞతకు మకుటాయమానమైన సూక్తి ఇంకొకటి ఉంది. భౌతికశాస్త్రం ఎలా అని చెబుతుంది గానీ ఎందుకు అని చెప్పదు అని మీరు తరచుగా అనుగ్రహిస్తుంటారు. కాంతి వేగం ఇంతే ఎందుకు, ఎలక్ట్రాన్ ఆవేశమూ ప్రోటాన్ ఆవేశమూ పరిమాణంలో సరిగ్గా సమానం ఎందుకు అని అడిగినవాణ్ణి ఆ ఒక్క వాక్యంతో ఇంటికి పంపుతారు. బృహదారణ్యకంలో యాజ్ఞవల్క్యుడు గార్గిని అతిప్రశ్న అడగవద్దు, తల రాలిపడుతుందని హెచ్చరించవలసి వచ్చింది. మీకు అంత హడావుడి అక్కర్లేదు. పైగా యాజ్ఞవల్క్యుడు ఎంత మెత్తనివాడంటే, ఆ గార్గే కాసేపటికి లేచి ఇంకో రెండు అడుగుతాననగానే, అడుగు గార్గీ అన్నాడు. తిరిగి తెరిచే ఓట్లు లేకుండానే. అందుకే ఆయన మీ కోవలోకి రాడు.

పరిశోధన స్థాయి సైద్ధాంతిక భౌతికశాస్త్రానికే ప్రత్యేకంగా ఒక మందిరాన్ని మీ సంస్థవారు 2011లో తెరిచారు. అక్కడికి సామాన్యుల రాక లేదు, హోంవర్క్ వంటిదేదీ లేదు, ఫోటోలు లేవు, రెస్పెక్టెడ్ సర్‌లు లేరు. 2012లో అక్కడ చాలినంత సందడి లేదని మూసి, ఉన్న ప్రశ్నలను మీ సభలోనే కలిపేశారు. కొందరు దీన్ని వైఫల్యమంటారు. నాకైతే అది సాధన ఫలించిన ఘట్టంలా కనిపిస్తుంది.

ఈమధ్య మీ కీర్తిని చూసి ఓర్వలేక కొత్తగా మాటలాడే యంత్రాలు పుట్టుకొచ్చాయి. వాటికి మర్యాద తెలియదు. ఎవడొచ్చినా, ఏ భాషలో వచ్చినా, ఎంత తెలివితక్కువగా అడిగినా, మంచి ప్రశ్న అడిగావని మొదలుపెడతాయి. తప్పుడు జవాబును కూడా పెళ్లిభోజనంలా వడ్డిస్తాయి. అదే కుర్రవాడు ఇప్పుడు ఆ దిమ్మల సంగతి తెలుగులోనే దాన్ని అడుగుతున్నాడు. అది చెప్పినదాంట్లో తప్పుంటే పట్టుకోగలవారు మీ సభలోనే ఉన్నారు, ఏళ్ల తరబడి పాఠాలు చెప్పినవారు, ఓపికగా బొమ్మలు గీసి వివరించినవారు. కానీ అతను ఇటు రాడు. మీరు కోరుకున్న నిర్మలత్వం ఇంతటితో సిద్ధించింది. సమీక్ష వరుస తేలికపడింది, ఉద్యానంలో గడ్డి లేదు, తొక్కేవారూ లేరు.

ఇక ఫలశ్రుతి. ఈ స్తుతిని త్రిసంధ్యలా శుచిగా పఠించినవారి ప్రశ్న సూర్యోదయం దాకా తెరిచి ఉంటుంది. శ్రావణ శుక్రవారాలలో పఠించిన విద్యార్థికి డూప్లికేట్ అని చూపిన పాత ప్రశ్న అప్పటికే మూసి ఉండదు. మండలం రోజులు నియమంగా పారాయణ చేసినవారికి కిందికి నొక్కినవారిలో ఒకరు కారణం కూడా చెబుతారు. సంతానంలో ఎవరికైనా ఎందుకు అని అడిగే వ్యాధి ఉన్న తల్లిదండ్రులు దీన్ని రాసి తాయెత్తు కట్టి మీ సభలో ఒక్కసారి చేర్పిస్తే చాలు, రెండు వారాలలో పూర్తిగా నయమవుతుంది.